షావుకారు చెప్పే అమెరికా సుంకం ఎంత నిజం? చిన్న బోటు కుటుంబానికి ప్రభుత్వం నుంచి ఏమి వస్తుంది?

మీరు అడిగింది ఇది: "మాది ఉప్పాడ దగ్గర ఒక పల్లె. నాన్నకు పది హార్స్‌పవర్ ఇంజనుతో ఫైబర్ బోటు ఉంది. ఆయనతో కలిపి ఐదుగురు వేటకు వెళ్తారు. 2025 ఆగస్టు నుంచి షావుకారు రొయ్యకు, సూర చేపకు (ట్యూనా), స్క్విడ్‌కు ధర బాగా తగ్గించేశాడు. అడిగితే అమెరికా టారిఫ్ అంటాడు. అది నిజమేనా? మాలాంటి వాళ్లకు ప్రభుత్వం ఏమిస్తుంది? సబ్సిడీ మీద పెద్ద బోటు తీసుకుంటే గట్టెక్కుతామా?"

నేను మత్స్యశాఖలో క్షేత్రస్థాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం శ్రీకాకుళం, తూర్పుగోదావరి ఒడ్డునే గడిచింది. మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. దానికంటే ముందు నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ నాన్నగారు ఆ షావుకారు దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారా? మీరు ఆ మాట రాయలేదు. తీసుకునే ఉంటారని అనుకుంటున్నాను. ఎందుకంటే బాకీ లేని బోటువాడు ధర నచ్చకపోతే పక్క వ్యాపారికి వేస్తాడు. మీరు మాత్రం తక్కువ ధరకైనా ఆయనకే ఇస్తున్నారు.

ముందు టారిఫ్ సంగతి. 2024-25లో మన దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది, విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో సింహభాగం ఫ్రోజెన్ రొయ్య. దాన్ని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా. ఆ అమెరికా 2025 ఆగస్టు 7న 25 శాతం, అదే నెల 27న మరో 25 శాతం అదనపు సుంకం వేసింది. మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వైలింగ్ సుంకాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి, అవి కూడా కలిపితే మన రొయ్య మీద భారం 58 శాతం దాటింది. భీమవరం, ఆకివీడు చెరువుల దగ్గర ఆ రోజుల్లో ఎంత టెన్షన్ పడ్డారో మీరూ వినే ఉంటారు. కాబట్టి టారిఫ్ అబద్ధం కాదు.

కానీ ఆ దెబ్బ నేరుగా తగిలింది చెరువులో పెంచిన వనామీ రకం రొయ్యకు. మీ నాన్నగారు సముద్రంలో పట్టే రొయ్య అసలు అమెరికాకు వెళ్లదు. మన ట్రాల్ వలల్లో తాబేళ్లు తప్పించుకునే పరికరం, టెడ్ అంటారు, అది లేదన్న కారణంతో భారతదేశపు సముద్రపు రొయ్యను అమెరికా 2019 నాటికే ఆపేసింది. ఫైబర్ బోటు వేటలో ట్రాల్ వల ఉండదు, తాబేళ్ల సమస్య మీ నాన్నగారు తెచ్చింది కాదు. అయినా ఒడ్డు మీద ధర అందరికీ కలిపే పడిపోయింది. ఈ అన్యాయాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే చెరువు రొయ్య అప్పుడు జోరుగా వెళ్తోంది.

అమెరికాకు వెళ్లని సరుకుకు ధర ఎందుకు పడింది అంటారా? వనామీనీ, సముద్రపు సరుకునూ కొని గడ్డకట్టించే ప్లాంట్లు చాలావరకు ఒక్కటే. కోల్డ్ స్టోరేజీ వనామీతో నిండిపోతే సముద్రపు రొయ్యకు చోటు ఉండదు, ప్లాంటు వాడి చేతిలో రొక్కమూ ఉండదు. అమెరికాకు వెళ్లాల్సిన వనామీ ఇతర దేశాలకూ, మన ఊరి మార్కెట్లకూ మళ్లింది. అక్కడ మీ సరుకుతో పోటీ పడింది. ఇది నిజమైన దెబ్బ. ప్లాంట్లలో తలలు తీసే, పొట్టు ఒలిచే పనికి వెళ్లే ఆడవాళ్లకు షిఫ్టులు తగ్గడం కూడా నిజమే.

స్క్విడ్, సూర సంగతి వేరు. స్క్విడ్ ఎక్కువగా వెళ్లేది ఐరోపాకూ, ఆసియా దేశాలకూ. సూర మన ఒడ్డు నుంచి చాలావరకు ఐసు లారీల్లో కేరళ వైపు పోతుంది. వాటికీ రొయ్యతో సమానంగా ధర కోశాడంటే అక్కడ టారిఫ్ పేరు వాడుకుంటున్నట్టే. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. మీ పరిధిలో సాగర మిత్ర, అంటే మత్స్యశాఖ తరఫున ఊళ్లో పనిచేసే సహాయకుడు, ఉండాలి. రోజూ ఒడ్డుకు వచ్చిన సరుకు ఎంత, ధర ఎంత అని రాసుకోవడం వారి పనుల్లో ఒకటి. వారిని అడిగి, పక్క రేవుల్లో అదే రోజు సూర వేలం ఎంతకు పోయిందో ఒక నెల పాటు నోటుబుక్కులో రాయండి. ఉప్పాడ ధర, కాకినాడ కుంభాభిషేకం రేవు ధర, మీ షావుకారు ధర పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

షావుకారు అడ్వాన్స్‌కు వడ్డీ ఉండదని అందరూ అంటారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు, మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. అడ్వాన్స్ లక్షన్నర. దానికి బదులుగా సరుకంతా ఆయనకే వేయాలి, కిలోకు బయటి ధర కంటే 30 రూపాయలు తక్కువ. ఏడాదికి నాలుగు టన్నుల సరుకు వేశారనుకుంటే పోయింది లక్షా ఇరవై వేలు. అంటే వడ్డీ లేదనుకున్న అప్పుకు ఏడాదికి నూటికి ఎనభై కడుతున్నారు. తూకంలో తరుగు, కమిషన్ దీనికి అదనం. పైగా అసలు అలాగే ఉంటుంది. అదే లక్షన్నర కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుని గడువులో కడితే వడ్డీ నూటికి నాలుగు, ఏడాదికి ఆరు వేలు.

నా సర్వీసులో ఈ లెక్క కొన్ని వందల ఇళ్లలో పలక మీదా, ఇసుక మీదా వేసి చూపించాను. ప్రతిసారీ ఇంట్లో ఆడవాళ్లే ముందు పట్టుకునేవారు. అందుకే మీకు చెప్పేది ఒక్కటే. సుంకాలు ఈ రోజు పెరుగుతాయి, రేపు తగ్గుతాయి, రేటు ఎన్నిసార్లు మారిందో మీరూ వార్తల్లో చూశారు. సుంకం తగ్గిన రోజు ఆ లాభం మీ ఒడ్డు దాకా రావాలన్నా, పెరిగిన రోజు మీరు వేరే కొనుగోలుదారుని వెతుక్కోవాలన్నా, ముందు సరుకు మీద హక్కు మీ చేతిలో ఉండాలి. ప్రభుత్వం ఇచ్చే వాటిలో ఈ పనికి నేరుగా పనికొచ్చేది ఆ కిసాన్ క్రెడిట్ కార్డే, కేసీసీ అంటారు. మీవాళ్లలో ఎక్కువ మంది వాడుకోనిది కూడా అదే.

కేసీసీని 2018-19లో మత్స్యకారులకు కూడా వర్తింపజేశారు. వడ్డీ 7 శాతం, సకాలంలో కడితే 3 శాతం తిరిగి వస్తుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వలలు, డీజిల్, ఐసు, కళాసీల (బోటు మీద పనిచేసేవాళ్ల) బత్తా, ఇంజను రిపేరు లాంటి వేట ఖర్చులకు ఇది. ఎంత ఇవ్వాలన్నది జిల్లా సాంకేతిక కమిటీ బోటు రకాన్ని బట్టి నిర్ణయించిన రుణ పరిమితి ప్రకారం ఉంటుంది. అది ఎంతో బ్యాంకుకు వెళ్లే ముందే మత్స్యశాఖ ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకోండి.

బ్యాంకులో ఏం జరుగుతుందో ముందే చెబుతాను, నిరాశ పడకుండా ఉంటారు. ఒకసారి నేనే పదకొండు మంది బోటు యజమానులను వెంటబెట్టుకుని ఒక బ్రాంచికి వెళ్లాను. అక్కడి అధికారి పట్టాదారు పాసుపుస్తకం అడిగాడు. సముద్రం మీద బతికేవాడికి పాసుపుస్తకం ఎక్కడి నుంచి వస్తుంది? బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు చూపిస్తే అవి ఏ కాలమ్‌లో రాయాలో ఆయనకు తెలియలేదు. మూడు నెలలు తిరిగాక ఏడుగురికి వచ్చింది, నలుగురు విసుగొచ్చి మానేశారు. ఆ నలుగురూ మళ్లీ షావుకారు దగ్గరికే వెళ్లారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మీరు దరఖాస్తు చేతికిచ్చి ఊరుకోవద్దు. దాని నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. రెండు వారాల్లో కదలకపోతే జిల్లాలోని బ్యాంకుల పని చూసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్‌కు రాయండి. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ నకలుతో సహా అర్జీ ఇవ్వండి. ఒక్కరు కాదు, ఊరి నుంచి పది మంది కలిసి ఇస్తే అది వేరుగా పనిచేస్తుంది.

ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. అప్పు ఏ నెలలో తీసుకుంటే వచ్చే ఏడాది దాదాపు అదే నెలలో కట్టాలి. వేట నిషేధం రోజుల్లో డబ్బులు లేవని మే నెలలో తీసుకున్నారనుకోండి, గడువు కూడా మే నెలలోనే వస్తుంది. అప్పుడు బోటు ఒడ్డున ఉంటుంది, చేతిలో పైసా ఉండదు, గడువు దాటుతుంది, 3 శాతం రాయితీ పోతుంది. మీ ఊళ్లో సరుకు బాగా పడే నెలలు ఏవో మీ నాన్నగారికి తెలుసు. గడువు ఆ నెలల్లో పడేలా అప్పు తీసుకోండి.

రెండో సంగతి మీ అమ్మగారిది. మీ ప్రశ్నలో ఆమె మాటే లేదు. ఉప్పాడ వైపు కుటుంబం కాబట్టి ఆమె ఎక్కడో ఒక చోట చేపలు అమ్ముతూనో, ఎండబెడుతూనో ఉంటారని అనుకుంటున్నాను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారు వాటా పథకాలకు సబ్సిడీ ఇలా ఉంటుంది: సాధారణంగా 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం. మీరు బీసీ కింద వస్తారు కాబట్టి నాన్నగారి పేరు మీద పెడితే 40, అమ్మగారి పేరు మీద పెడితే 60. ఐస్ బాక్సుతో మోటార్ సైకిల్‌కు యూనిట్ ఖర్చు 75 వేలుగా, ఐస్ బాక్సుతో ఆటోకు 3 లక్షలుగా పెట్టారు. అంటే ఒక ఆటో మీద ఎవరి పేరు రాశామన్న ఒక్క దాంతోనే అరవై వేల తేడా వస్తుంది. ఆ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. కాబట్టి దరఖాస్తు రాసే ముందు మీ జిల్లాకు ఈ ఏడాది ఏ యూనిట్లు మిగిలి ఉన్నాయో అడగండి.

ఐస్ బాక్సు గురించి ఒక అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక ఊళ్లో చేపలమ్మే ఆడవాళ్లకు పెద్ద ఐస్ బాక్సులు పంచాం. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే సగం ఇళ్లలో వాటిలో మంచినీళ్లు పోసుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు అమ్మడానికి వెళ్లేది బస్సులో, ఆటోలో. అంత పెట్టెను కండక్టర్ ఎక్కించుకోడు. ఐసు ఫ్యాక్టరీ ఊరికి పదహారు కిలోమీటర్ల దూరం. మేము పెట్టె ఇచ్చాం, బండీ ఇవ్వలేదు, ఐసూ ఇవ్వలేదు. అందుకే మీ అమ్మగారి పేరు మీద ఏదైనా పెట్టే ముందు ఆమెనే కూర్చోబెట్టి అడగండి. ఎక్కడ అమ్ముతుంది, ఎలా వెళ్తుంది, ఐసు ఎక్కడ దొరుకుతుంది, మిగిలిన సరుకు ఏం చేస్తుంది అని. నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక ఆటో తీసుకుని రోజూ తెల్లవారుజామున పిఠాపురం, సామర్లకోట, పెద్దాపురం దాకా వెళ్లగలిగితే, షావుకారు ధరకు ప్రత్యామ్నాయం మీకు దొరికినట్టే. పట్నం వినియోగదారుడికి అమెరికా సుంకంతో సంబంధం లేదు. ఆయనకు తాజా చేప కావాలి, అంతే.

అమ్ముడుపోని నెత్తళ్లు, కవళ్లు, సావడాలు ఎండబెట్టే విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఇసుకలో ఆరబోసిన చేప కోళ్ల దాణాకు పోతుంది. అదే చేపను ఉప్పు నీళ్లలో కడిగి, నేలకు ఎత్తులో వల పందిరి కట్టి దాని మీద ఎండబెడితే తినే చేపగా అమ్ముడవుతుంది. పాడేరు, అరకు సంతల్లో మంచి ఎండుచేపకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. పందిరికి కావలసింది వెదురు, పాత వల. దానికి సబ్సిడీ కోసం ఆగాల్సిన పని లేదు.

మీ అమ్మగారి డ్వాక్రా సంఘం గట్టిగా ఉంటే కేంద్రం 2024లో ఆమోదించిన మరో పథకం చూడండి. మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన అంటారు. నాలుగేళ్లకు 6,000 కోట్లు. చేప అమ్మకం, ప్రాసెసింగ్ చేసే చిన్న సంస్థలకు, సంఘాలకు పెట్టుబడిలో కొంత గ్రాంటుగా వెనక్కి ఇస్తుంది. అది పని చేసి చూపించిన తర్వాత వచ్చే డబ్బు, ముందుగా ఇచ్చేది కాదు. కాబట్టి మొదటి ఏడాది దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అయితే దానికి ముందు షరతు జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో నమోదు. 2024 సెప్టెంబరులో మొదలైంది, కామన్ సర్వీస్ సెంటర్‌లో చేస్తారు. మీ ఇంట్లో నాన్నగారినీ, అమ్మగారినీ విడివిడిగా నమోదు చేయించండి. ఒక్క ఆధార్‌తో ఇంటిల్లిపాదికీ సరిపోతుందనుకుని చాలామంది ఆడవాళ్ల పేర్లు వదిలేస్తున్నారు.

ఇక మీకు నేరుగా వచ్చేవి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లకూ (ట్రాలర్ల లాంటివి), ఇంజను బోట్లకూ వేట నిషేధం. ఆ కాలానికి రాష్ట్రం ఇచ్చే భృతి ఒకప్పుడు 4 వేలు, 2019లో 10 వేలు అయింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో మొదలుపెట్టిన మత్స్యకార సేవలో పథకంతో 20 వేలు అయింది. ఆ ఏడాది లక్షా 29 వేలకు పైగా కుటుంబాలకు ఇచ్చారు. డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ ఉంది, ఇంజను బోటుకు నెలకు 300 లీటర్ల వరకు. వేటలో ప్రాణం పోతే కేంద్ర, రాష్ట్ర ప్రమాద బీమా కింద 5 లక్షలు. సంప్రదాయ మత్స్యకారులకు పింఛను 50 ఏళ్లకే, నెలకు 4 వేలు. మీ తాతగారు ఉంటే ఆయన కాగితాలూ చూడండి.

వీటన్నిటికీ తాళం చెవి బోటు కాగితం. రిజిస్ట్రేషన్, లైసెన్సు ఉండాలి, బోటు మీద నంబరు చదవడానికి వీలుగా ఉండాలి, కళాసీల పేర్లు ఆ బోటు కిందే నమోదై ఉండాలి. మీ నాన్నగారు పాత బోటు ఎవరి దగ్గరైనా కొని ఉంటే యాజమాన్యం మార్పించారా? నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగేవి. బోటు ఒకరిది, కాగితం అన్నగారిది, అన్నగారు పోయి ఐదేళ్లు అయింది. భృతి ఆగుతుంది, డీజిల్ కార్డు ఆగుతుంది, చివరికి ప్రమాదం జరిగితే కళాసీ కుటుంబానికి బీమా కూడా ఆగుతుంది. ధర గురించి షావుకారుతో గొడవ పడటానికి ముందు ఈ కాగితం సరిచేసుకోవాలి.

వలస వెళ్లేవాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు వేల మంది గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పని చేస్తారు. 2018లో అలా వెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కిన వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి వచ్చారు. అంత దూరం ఎందుకు పోయారంటే ఇక్కడి ఒడ్డున బతుకు సాగక. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. మన దగ్గర అధికారులు ఊరికి వచ్చి బోటునూ మనిషినీ చూసి పేరు రాసుకునే రోజుల్లో వాళ్లు అక్కడ వేటలో ఉంటారు. మన నిషేధం లెక్కలో వాళ్లు లేరు. ధరలు పడిపోతే ముందుగా ఊరు విడిచేది వాళ్లే. ఈ కుటుంబాలను లెక్కలోకి తెచ్చే మార్గం ఆలోచించమని సర్వీసులో ఉన్నంత కాలం పై అధికారులకు రాశాను. ఇప్పటికీ అదే అంటాను. మీ బోటు కళాసీల్లో ఎవరైనా వలస ఆలోచనలో ఉంటే, పేర్లు రాసే తేదీ ముందుగా కనుక్కుని వాళ్లకు చెప్పండి.

పెద్ద బోటు ప్రశ్నకు వస్తాను. నా జవాబు వద్దనే. మత్స్య సంపద యోజనలో లోతు సముద్రం బోటుకు యూనిట్ ఖర్చు కోటీ ఇరవై లక్షలుగా పెట్టారు. అందులో 40 శాతం సబ్సిడీ వచ్చినా మిగతా డెబ్బై లక్షలకు పైగా మీదే. ఆ అప్పుకు వాయిదా నెలనెలా వస్తుంది, సూర నెలనెలా రాదు. డీజిల్ ఖర్చు, పది రోజుల ఐసు, లోతు సముద్రంలో లాంగ్‌లైన్ (వరుసగా గాలాలు కట్టిన పొడవాటి తాడు) వేయడం తెలిసిన సరంగు, ఇవన్నీ ఉన్న సంఘం తీసుకుంటే అది వేరు. ఒక ఫైబర్ బోటు కుటుంబం ఒంటరిగా తలకెత్తుకునే బరువు కాదు. మన తీరానికి ఆవల దేశానికి హక్కున్న సముద్ర ప్రాంతంలో (ఈఈజెడ్) వేట గురించి కేంద్రం 2025 నవంబరులో తెచ్చిన నిబంధనల్లోనూ లోతు సముద్రం వేటకు సహకార సంఘాలకు, మత్స్య ఉత్పత్తిదారుల సంఘాలకు ప్రాధాన్యం అన్నారు. అదే నిబంధనల్లో మర బోట్లకూ పెద్ద ఇంజను బోట్లకూ ఆన్‌లైన్‌లో అనుమతి పాసు తప్పనిసరి చేశారు. సంప్రదాయ బోట్లకూ చిన్న ఇంజను బోట్లకూ మినహాయింపు ఇచ్చారు. ఊళ్లో ఎవరైనా ఆ పాసు పేరు చెప్పి మీ దగ్గర డబ్బులు అడిగితే ఇవ్వొద్దు.

అదే డబ్బులో చిన్న వాటా ఇప్పుడున్న బోటు మీద పెట్టండి. బోటులో అమర్చే ఇన్సులేటెడ్ పెట్టె, కిలో చేపకు కిలో ఐసు. సూరను పట్టిన వెంటనే రక్తం కార్చి ఐసులో పెట్టకపోతే అందులో హిస్టమిన్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. అలాంటి చేపను ఎగుమతిదారుడు తీసుకోడు, కేరళ లారీ వాడు అడిగిన ధరకే తీసుకుంటాడు. ఉదయం పట్టి మధ్యాహ్నం దాకా ఎండలో తెచ్చిన సూరకు ప్రపంచంలో ఎక్కడా మంచి ధర రాదు, సుంకం ఉన్నా లేకపోయినా. ఈ మాట బోటువాళ్లకు కోపం తెప్పిస్తుందని తెలుసు. అయినా చెప్పాలి.

ఎగుమతి మార్గాలు పూర్తిగా మూసుకుపోలేదు. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందంలో రొయ్య మీద సుంకం ఎత్తివేత ఉంది. ఆ సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య మరో 102 భారతీయ యూనిట్లకు అనుమతి ఇచ్చింది. ఐరోపాకు వెళ్లే సముద్రపు సరుకుకు 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఏ బోటు, ఎక్కడ, ఎప్పుడు పట్టింది అన్నది అందులో ఉండాలి. అంటే కాగితం సరిగ్గా ఉన్న బోటు సరుకే ప్లాంటు వాడికి ఐరోపా కోసం పనికొస్తుంది. నలభై, యాభై చిన్న బోట్లు సంఘంగా ఏర్పడి, నంబర్లు సరిచేసుకుని, ఒకే చోట ఐసు పెట్టి ఒకే ప్లాంటుతో మాట్లాడితే బేరం ఆడే స్థితి వస్తుంది. ఒక్క బోటు వెళ్లి అడిగితే గేటు దగ్గరే ఆపేస్తారు.

సబ్సిడీలన్నీ ప్రపంచ వాణిజ్య సంస్థ ఆపించేస్తుందట అని మీవాళ్లలో ఒక భయం ఉంది. ఆ ఒప్పందం 2022 జూన్‌లో కుదిరి 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. అది ఆపేది దొంగ వేటకు, బాగా తగ్గిపోయిన చేప జాతుల వేటకు, ఏ నియంత్రణా లేని బయటి సముద్రాల వేటకు ఇచ్చే సబ్సిడీని. నిషేధ కాలపు భృతికీ, బీమాకూ, పింఛనుకూ దానితో ముడి పెట్టి భయపడాల్సిన పని లేదు. ఆ చర్చల్లో మన వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ జెనీవాలో ఒక లెక్క చెప్పారు. మన ప్రభుత్వం ఒక మత్స్యకార కుటుంబానికి ఏడాదికి ఇచ్చేది దాదాపు 15 డాలర్లు, కొన్ని సంపన్న దేశాలు ఇచ్చేది 42 వేల నుంచి 75 వేల డాలర్ల దాకా అన్నారు. సముద్రాన్ని ఊడ్చింది ఎవరి ఓడలో ఆ లెక్కే చెబుతుంది.

ప్రభుత్వం చేయనిది కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగం నిజమే చెప్పినట్టు అవుతుంది. 2025 ఏప్రిల్‌లో టారిఫ్ భయంతో చెరువు రొయ్య ధర పడిపోయినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను కూర్చోబెట్టి 100 కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్యను కిలో 220 రూపాయలకు కొనేలా ఒప్పించింది. ఆ మాట ఎంత నిలబడిందన్నది వేరే చర్చ, కనీసం మాట అన్నది వచ్చింది. ఆక్వా రైతుకు సంఘాలున్నాయి, మేతకు, కరెంటుకు రాయితీల గురించి అసెంబ్లీలో మాట్లాడే వాళ్లున్నారు. సముద్రపు చేపకు అలాంటి కనీస ధర ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. సుంకం వల్ల పరోక్షంగా నష్టపోయిన చిన్న బోట్లకు నేరుగా పరిహారం ఇచ్చే పథకమూ లేదు. నేరుగా చేతికి వచ్చే సాయం చాలావరకు సముద్రం మీదికి వెళ్లకుండా ఆపిన రోజులకో, ప్రాణం పోయినప్పుడో ఇచ్చేదే. ధర పోయిన రోజుకు ఇచ్చేది ఏదీ లేదు. ఒడ్డున వేలం ధరను రోజూ బోర్డు మీద రాయించడం, ప్రతి ల్యాండింగ్ సెంటర్‌లో ఐసు మిషన్ పెట్టడం, షావుకారు బాకీని ఒక్కసారి తీర్చడానికి బ్యాంకు రుణం ఇప్పించడం, ఈ మూడూ పెద్ద ఖర్చు లేనివి. మీ ఊరి నుంచి అర్జీ రాసేటప్పుడు వీటిని కూడా రాయండి.

మీరు ఇప్పుడు చేయాల్సిన పనుల వరుస చెబుతాను. ఈ వారంలో సచివాలయంలోని మత్స్య సహాయకుడి దగ్గరికి వెళ్లి బోటు రిజిస్ట్రేషన్, లైసెన్సు ఎవరి పేరు మీద ఉన్నాయో, ఎప్పటి వరకు చెల్లుతాయో చూసుకోండి. షావుకారు బాకీ ఎంతో ఆయన చేత్తోనే ఒక కాగితం మీద రాయించుకోండి. గొడవగా కాదు, మర్యాదగా అడగండి. కష్టకాలంలో ఆయనే ఆదుకుని ఉంటాడు, రేపు మళ్లీ ఆయనతోనే పని పడొచ్చు. అమ్మగారి పేరు డిజిటల్ వేదికలో చేర్చండి. కేసీసీ దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఏప్రిల్ 15 కల్లా బోటు ఒడ్డుకు చేర్చి, పక్కన నంబరు కొత్తగా రంగుతో రాయించండి. లెక్క రాసుకోవడానికి అధికారులు వచ్చిన రోజున నాన్నగారూ, నలుగురు కళాసీలూ ఆధార్, బ్యాంకు పుస్తకాలతో బోటు దగ్గరే ఉండాలి. ఆ పూట పెళ్లికో, పండగకో ఎవరినీ పక్క ఊరు పంపొద్దు. బోటు కాగితంలో తేడా ఉందని తేలితే ఏ పేరు మీద ఉంది, ఎన్నేళ్ల క్రితం కొన్నారు అన్నది రాయండి, దానికి ఏ అఫిడవిట్ కావాలో చెబుతాను.